ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా, పాపను ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకోవచ్చా?

వచ్చే నెల సంక్రాంతికి ఎనిమిది నెలల పాపతో మారతహళ్ళి నుంచి అనంతపురం వెళ్ళాలి, ముందు సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంటే సరిపోతుందా, చైల్డ్ సీటు కొనక తప్పదా అని అడిగారు. ముందు సీట్లో అసలు వద్దండీ. వెనక సీట్లో అయినా ఒళ్ళో వద్దు. ఈ రెండో మాట నేను దెబ్బ తిని తెలుసుకున్నది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2023 సంక్రాంతికి మేమూ ఆ దారినే ధర్మవరం బయల్దేరాం. పాపకు అప్పుడు ఏడు నెలలు. మా ఆయన డ్రైవింగ్, పక్కన నేను, నా ఒళ్ళో పాప, వెనక మా అత్తా మామా. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటేసరికే గంట పట్టింది. దేవనహళ్ళి దాటాక టీకి ఆగినప్పుడు పాప పాలకు ఏడ్చింది. పాలివ్వడానికి వీలుగా ఉంటుందని నేను వెనక్కి వెళ్ళాను, మామ ముందుకొచ్చారు. అలా మారకపోయుంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడిపోతాయి.

చిక్కబళ్ళాపురం దగ్గర ముందు పోతున్న టెంపో ఉన్నట్టుండి ఆగింది. మా ఆయన బ్రేకు తొక్కారు గానీ బండి నిలబడేలోపే గుద్దేశాం. లక్ష్మీ బాంబు పేలినట్టు చప్పుడుతో ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకున్నాయి, కారు నిండా తెల్లటి పొడి, కాలిన వాసన. మామ బెల్టు పెట్టుకున్నారు కాబట్టి కళ్ళద్దాలు విరిగి, మోచేతి కింద చర్మం గీరుకుపోవడంతో బయటపడ్డారు. డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు అతికించుకున్న చిన్న వినాయకుడి విగ్రహం ఎగిరొచ్చి వెనక సీటు హెడ్‌రెస్టుకు తగిలి, అత్త పక్కన పడింది. అతికించింది సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీదేనని మాకు అప్పటిదాకా తెలియదు. మీ కారులోనూ అక్కడ స్వామి విగ్రహం గానీ, సెంటు సీసా గానీ, ఫోన్ స్టాండు గానీ ఉంటే ఇవాళే తీసి వేరేచోట పెట్టండి.

ఇక పాప. రెండు చేతులతో గట్టిగానే పట్టుకున్నాను. అయినా జారిపోయి, ముందు సీటు వీపుకు తగిలి నా కాళ్ళ దగ్గర పడింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. రాత్రంతా ఆసుపత్రిలో ఉంచుకుని, గంటగంటకూ లేపి చూసి, ఏమీ లేదని పొద్దున పంపారు. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఢీకొని ఆగిపోతే, పది కిలోల బిడ్డ ఆ క్షణంలో వంద కిలోలకు పైగా బరువై ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులకైనా అంత బలం ఎక్కడిది?

ఎయిర్‌బ్యాగ్ సంగతికొస్తే, అది సెకనులో ముప్పయ్యో వంతులో నిండిపోతుంది. మనం రెప్ప వేయడానికే అంతకు మూడింతలు పడుతుంది. సంచి గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తుంది. మూత మీద ఎస్‌ఆర్‌ఎస్ అని రాసి ఉంటుంది చూడండి, బెల్టుకు తోడుగా పనిచేసేది అని దాని అర్థం. బెల్టు కట్టుకుని, డ్యాష్‌బోర్డుకు ఎడంగా కూర్చున్న పెద్దవాళ్ళ కోసం చేసింది. ఒళ్ళో బిడ్డ ఉంటే ఆ దెబ్బ నేరుగా బిడ్డ తలకు తగులుతుంది. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును ముందు పెట్టినా అంతే ప్రమాదం, దాని వీపు డ్యాష్‌బోర్డుకు ఆనినట్టే ఉంటుంది కదా. ఎడమవైపు సన్‌వైజర్ దించి చూడండి, బేబీ సీటు బొమ్మను ఎర్ర గీతతో కొట్టేసిన స్టిక్కర్ ఉంటుంది. మేం రెండేళ్ళు ఆ కారు నడిపి కూడా దాన్ని చూడలేదు.

కాబట్టి వెనక సీట్లో, పాప వీపు బండి వెళ్ళే దిక్కుకు ఉండేలా సీటు బిగించండి. పసిబిడ్డకు తల బరువెక్కువ, మెడ ఎముకలు ఇంకా ముదరవు. ఇలా కూర్చోబెడితే బండి గుద్దుకున్నప్పుడు ఆ విసురును మెడ ఒక్కటే కాకుండా వీపంతా కాస్తుంది. కనీసం పదిహేను నెలల దాకా, సీటు కొలతలు ఒప్పుకుంటే రెండేళ్ళు దాటినా అలాగే ఉంచండి. వెనక సీటు కూర్చునే భాగానికీ వీపుకీ మధ్య వేళ్ళు దూర్చి చూడండి, రెండు ఇనుప కడ్డీలు తగిలితే మీ కారుకు ఐసోఫిక్స్, అంటే చైల్డ్ సీటును నేరుగా కారుకే బిగించే ఏర్పాటు, ఉన్నట్టే, అందులో బిగే సీటు కొనండి. సీటు మీద చైల్డ్ సీట్ల భద్రతా ప్రమాణాలైన అంతర్జాతీయ ఆర్129 గానీ, మన దేశపు ఏఐఎస్-072 గానీ గుర్తు ఉండాలి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పాత సీట్లు చవగ్గా వస్తుంటాయి. అది ఏదైనా యాక్సిడెంట్‌లో ఉందో లేదో తెలియనప్పుడు తీసుకోకండి.

తెల్లవారుజామున చలికి పాపకు స్వెట్టర్ తొడిగి చైల్డ్ సీటు బెల్టు వేస్తే అది వదులుగా ఉండిపోతుంది. ముందు బెల్టు బిగించి, దుప్పటి పైన కప్పండి. భుజం దగ్గర బెల్టు పట్టీ మీ వేళ్ళ మధ్య మడత పడకూడదు, బిగువు అంత ఉండాలి.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలోని 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అయితే ఇంట్లోవాళ్ళను చట్టం చెప్పి ఒప్పించలేం. మా అత్త “పసిబిడ్డను అట్లా కట్టేస్తారామ్మా, జేజి ఒడి లేదా” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెది ప్రేమే, కాదనను. సీటును వారం రోజులు హాల్లో పెట్టి, అందులోనే ఉగ్గు తినిపించాం, అందులోనే ఆడించాం. తర్వాత లేఅవుట్ లోపలే చిన్న చిన్న రౌండ్లు. ఆ పక్కన కూర్చుని పాటలు పాడింది కూడా అత్తే. మొదటి నాలుగు రోజులు ఏడుపే, అయిదో రోజు రెండో మలుపు తిరగకముందే నిద్రపోయింది.

మీకు ఇంకా నెల టైముంది కాబట్టి ఈ వారమే కొనండి. దారిలో గంటన్నరకోసారి ఆపి పాపను సీట్లోంచి తీయండి, పాలు అప్పుడే పట్టండి. ఏడుస్తోందని బండి నడుస్తుండగా మాత్రం ఒళ్ళోకి తీసుకోకండి, పక్కకు తీసి ఆపించండి. మీ కారు మోడల్, ఏ సంవత్సరందో చెబితే ఐసోఫిక్స్ ఉందో లేదో కనుక్కోవడానికి సాయం చేస్తాను.