ప్రాణం నిలిపిన సాయానికి ఆయన ఎందుకు తల దించుకుంటున్నారు?

ప్రశ్న: మాది వరంగల్. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. నేను ఇంట్లో బట్టలు కుడతాను. బాబు ఇంటర్, పాప ఎనిమిదో తరగతి. నిరుడు ఆయనకు ఆయాసం మొదలైతే దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ ఆరోగ్యశ్రీ లేదు. లక్షా ఎనభై వేలు అయింది. నా కమ్మలు బ్యాంకులో కుదువపెట్టి, మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చి కట్టాం. గుండె కవాటం పాడైందని తేలాక హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి లోహపు కవాటం వేశారు. మా దగ్గర పైసా తీసుకోలేదు. ఐదు నెలలైంది. రోజూ పొద్దున లేవగానే ఆ డాక్టర్లకు, ప్రభుత్వానికి మనసులోనే దండం పెట్టుకుంటాను. ఆయన మాత్రం గడప దాటడం లేదు. ‘చెయ్యి చాపి బతికాను’ అంటారు. ఒక పెళ్లిలో మా బావగారు ‘సర్కారు సొమ్ముతో లేచినోడు’ అన్నప్పటి నుంచి మరీ ఎక్కువైంది. మొదటి ఆసుపత్రి బిల్లులకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి 60 వేల చెక్కు వచ్చింది. ఆయన బ్యాంకులో వేయనివ్వడం లేదు. నెలన్నరగా బీరువాలో చీరల మధ్యే ఉంది. అప్పుడప్పుడు మాత్రలు కూడా వద్దంటారు. ఒకరోజు కోపంలో నేను ‘ప్రభుత్వం లేకపోతే నువ్వే లేవు’ అన్నాను. ఆ చెక్కుకు దరఖాస్తు పెట్టించిన వార్డు నాయకుడు ఇప్పుడు మమ్మల్ని సభకు రమ్మంటున్నాడు. స్టేజీ మీద ఆయన చొక్కా గుండీలు విప్పి కుట్లు చూపించాలట, నేను మాట్లాడాలట. రాకపోతే విశ్వాసం లేనివాళ్లమట. నేనేం చేయాలి? ఇంత కృతజ్ఞత ఉండటం నా తప్పా?

– పేరు వద్దన్న సోదరి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే చిన్న వాక్యం నన్ను ఎక్కువ భయపెట్టింది. ‘అప్పుడప్పుడు మాత్రలు కూడా వద్దంటారు’ అని రాసి వదిలేశారు. చెక్కు సంగతి, నాయకుడి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది.

లోహపు కవాటం వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా మాత్ర ఇస్తారు. దాన్ని జీవితాంతం వేసుకోవాలి. మానేస్తే కవాటం దగ్గర గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. కవాటమే బిగుసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. రెండు పూటలు వేసుకోకపోయినా ఆ రోజు మనిషికి తేడా ఏమీ తెలియదు, అందుకే ‘వేసుకోకపోతే ఏమైంది’ అనిపిస్తుంది. మోతాదు ఎంతో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది) చూసి డాక్టరే చెప్పాలి. మధ్యలో మాత్రలు మానిన సంగతి డాక్టరుకు దాచకండి. దాస్తే ఆ రిపోర్టు చూసి మోతాదు తప్పుగా పెంచే ప్రమాదం ఉంది. రేపే ఆసుపత్రికి ఫోన్ చేసి, మానిన రోజులు చెప్పి, పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. ఒంటి నొప్పులకు మెడికల్ షాపులో అడిగి బిళ్ళలు తెచ్చి వేయకండి. కొన్ని నొప్పి బిళ్ళలు ఈ మందుతో కలిస్తే రక్తస్రావం అవుతుంది. ఆకుకూరలు ఎక్కువ తక్కువైతే ఈ మందు పని మారుతుంది. వాటిని మానక్కర్లేదు కానీ వారం వారం ఇంచుమించు ఒకే లెక్కలో వండండి.

ఇప్పుడు ఆయన మనసు గురించి. మీరు దాన్ని అహంకారం అనుకుంటున్నట్టుంది. నాకు అలా అనిపించడం లేదు. ఆయన ఇన్నేళ్లూ భుజం మీద బస్తా మోసి ఇల్లు నడిపిన మనిషి. ఆపరేషన్‌లో రొమ్ము ఎముక కోసి మళ్లీ కలిపారు. ఎముక అతుక్కున్నా పాత బరువులు ఇక మోయలేనేమోనన్న భయం ఆయనకు ఉండే ఉంటుంది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక ‘చెయ్యి చాపి బతికాను’ అంటున్నారు. పెద్ద గుండె ఆపరేషన్ అయినవాళ్లలో దిగులు, నిద్ర లేకపోవడం, ఎవరినీ కలవబుద్ధి కాకపోవడం చాలామందిలో కనిపిస్తాయి. కొన్ని వారాల్లో తగ్గాలి. ఐదు నెలలైనా మనిషి గడప దాటడం లేదంటే అది వైద్యం అవసరమైన విషయం. వచ్చే రివ్యూలో గుండె డాక్టరుకు ఈ మాట మీరే చెప్పండి. అప్పటిదాకా ఆగలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు సలహా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ‘నేను పోయినా బాగుండు’ లాంటి మాట ఆయన నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

‘ప్రభుత్వం లేకపోతే నువ్వే లేవు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మీకు అది నిజం. నెలల తరబడి ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని, రాత్రిళ్లు లెక్కలు వేసుకుని, ఆయన బతికి ఇంటికి వచ్చాక మీ గుండెలోంచి వచ్చిన మాట. కానీ ఆయన చెవికి అది వేరేగా చేరింది. నీ ప్రాణం నీది కాదు, ఎవరో పెట్టిన భిక్ష అని వినిపించింది. పెళ్లిలో బావగారు అన్నదీ అదే కదా! ఇద్దరి ఉద్దేశం వేరు, తగిలిన చోటు ఒకటే. మీ కృతజ్ఞత తప్పు కాదమ్మా. ఎంతైనా ఉంచుకోండి. దాన్ని ఆయన నెత్తి మీద పెట్టి లెక్క చెప్పకండి, అంతే. కావాలంటే ఇలా అనండి: ‘ఆ రోజు నాకు చాలా భయమేసింది. నువ్వు మళ్లీ ఇంటికొచ్చావు. నాకు అది చాలు.’ ఇందులో ప్రభుత్వం లేదు, అప్పు లేదు. మీరూ ఆయనా మాత్రమే ఉన్నారు. కోపంలో అన్న మాట గురించి ఒకసారి సూటిగా చెప్పేయండి, ‘అలా అని ఉండాల్సింది కాదు’ అని. ఒక్కసారి చాలు, పదేపదే వద్దు.

చెయ్యి చాపడం అన్న మాట మీద ఆయనతో నెమ్మదిగా మాట్లాడటానికి కొన్ని సంగతులు చెబుతాను. ఆరోగ్యశ్రీ మొదట 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకుముందు పేదింటి పిల్లల గుండె ఆపరేషన్ల కోసం జనం ముఖ్యమంత్రి సహాయ నిధికి కుప్పలుగా అర్జీలు పెట్టుకునేవారు. ఒక్కొక్కరూ వచ్చి బతిమాలుకునే ఆ పరిస్థితి పోవాలనే ఇది పుట్టింది. కార్డు చూపించి, పద్ధతి ప్రకారం వైద్యం చేయించుకునే పథకం ఇది. తర్వాత రాష్ట్రం రెండైంది, ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో పేరు కూడా మారుతూ వచ్చింది. పథకం మాత్రం నిలిచింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి పెంచారు. ఇన్ని ప్రభుత్వాలు దాన్ని తీసేయలేకపోయాయంటే, అది జనం తమదనుకున్నారు కాబట్టే.

ఆ డబ్బు ఎక్కడిదని ఆయన్నే అడగండి. హమాలీ ఆదాయపు పన్ను కట్టకపోవచ్చు. కానీ సెల్‌ఫోన్ రీచార్జి చేసిన ప్రతిసారీ 18 శాతం పన్ను కడుతున్నారు. చెప్పులు కొన్నా, సబ్బు కొన్నా, మీరు కుట్టే బట్టకు దారపు ఉండ కొన్నా ఖజానాకు కొంత పోతూనే ఉంది. మీ ఇల్లు కూడా ఇచ్చింది. ప్రజల ఆరోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రధాన బాధ్యతల్లో ఒకటని మన రాజ్యాంగం 47వ అధికరణంలో రాసి ఉంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో వైద్యం చేయించుకుని బతికాడు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అవసరమైన వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత, డబ్బు లేదని తప్పించుకోలేదు అని 1996లో కోర్టు తీర్పు చెప్పి, ఆ మనిషికి 25 వేలు పరిహారం ఇప్పించింది. అతనూ మీ ఆయన లాగే రెక్కల కష్టం మీద బతికేవాడు.

హక్కు అయితే ఇక దండం దేనికి అని మీకు అనిపించవచ్చు. నాకు ఆ రెండింటికీ తగువు కనిపించదు. హక్కు కాగితం మీద ఉంటుంది. గంటల తరబడి నిలబడి కవాటం కుట్టింది ఒక డాక్టరు. ఐసీయూలో రాత్రంతా మెలకువగా కూర్చుంది ఒక నర్సు. అనుమతి కోసం మీ కాగితాలు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది ఆరోగ్యమిత్ర, అంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఉద్యోగి. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన రక్తం ఆయనకు ఎక్కించి ఉంటారు. వాళ్లకు మీరు పెట్టే దండం అక్షరాలా సరైనది. వచ్చే రివ్యూకు వెళ్లినప్పుడు వార్డులోకి వెళ్లి ఆ నర్సును పలకరించండి. రోగులు ఇంటికెళ్లాక ఎలా ఉన్నారో వాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. ఆయన కూడా వస్తే ఇంకా మంచిది, ఆమె ముందు ఆయన బిచ్చగాడిలా నిలబడక్కర్లేదు. తన పని ఫలించిందని ఆమెకు చూపించే మనిషి ఆయన. ఆరోగ్యమిత్రను ఇంకొకటి కూడా అడగండి: కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాది పాటు పరీక్షలు, మందులు పథకం కిందే ఇస్తారు. మీ ఆయనది అందులో ఉందో లేదో కనుక్కోండి. మనిషి దొరక్కపోతే ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి.

నాయకుడి విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సభకు వెళ్లవద్దు. అతను చేసిన సాయం నిజమే. బిల్లులు సర్దించాడు, ఫారం నింపించాడు, ఆఫీసు దాకా తీసుకెళ్లాడు. దానికి ఇంటికి పిలిచి టీ ఇచ్చి మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పండి. కానీ ఆ 60 వేలు అతని జేబులోవి కావు. సహాయ నిధి దాతల విరాళాలతో నడుస్తుంది. ఎవరో ఉద్యోగులు వదులుకున్న ఒకరోజు జీతం కూడా అందులో ఉండవచ్చు. ఒక మనిషి ఛాతీ మీది కుట్లు నలుగురిలో విప్పి చూపించమనడం సాయం చేసినవాళ్లు అడగాల్సిన మాట కాదు. ‘అన్నా, నువ్వు చేసింది మరిచిపోం. ఆయనకు ఒంట్లో బాగాలేదు, జనంలోకి తీసుకురాలేను’ అని చెప్పి ఊరుకోండి. కారణాలు పెంచకండి, పెంచితే బేరం మొదలవుతుంది. మీ ఓటు మీది, దాని గురించి అతనికి జవాబు చెప్పే పని లేదు. చెక్కులో వాటా ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆయన్ని స్టేజీ ఎక్కించబోవడం లేదని మీ నోటితో మీరే ఆయనకు చెప్పండి. ఆ సభ భయం కూడా ఆయన్ని లోపలే కూర్చోబెడుతుందేమో, ఎవరికి తెలుసు! బావగారికి జవాబు చెప్పాల్సిన పని లేదు. మళ్లీ అంటే లేచి వచ్చేయండి.

మీకు తిరిగి ఏదో ఒకటి చేయాలని ఉన్నట్టుంది. మీకు తెలిసింది మీ బస్తీలో అందరికీ తెలియదు. ఏ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందో కనుక్కోకుండా చేరి మీరు లక్షా ఎనభై వేలు పోగొట్టుకున్నారు. పక్కింట్లో ఎవరికైనా జబ్బు చేస్తే చేరకముందే 104ను అడగమని చెప్పండి. ఇంకోటి. మన దగ్గర చాలామందిలో గుండె కవాటాలు పాడవడానికి చిన్నప్పుడు వచ్చే రుమాటిక్ జ్వరమే కారణం. గొంతు నొప్పిని సరిగా నయం చేయించకపోతే అది వస్తుంది. కవాటం పాడైన సంగతి ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదు. ఏ పిల్లవాడికైనా జ్వరంతో గొంతు నొప్పి వచ్చినా, తర్వాత కీళ్లు వాచినా బస్తీ దవాఖానాకు తీసుకెళ్లమని మీ దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు చెప్పండి. మీరు చెబితే వింటారు, మీ ఇంట్లో ఏం జరిగిందో వాళ్లు చూశారు.

ఆయన పని గురించి తొందరపెట్టకండి. ఎంత బరువు ఎత్తవచ్చో, ఎప్పటినుంచో డాక్టరే చెప్పాలి. యార్డులో కాంటా దగ్గర లెక్క రాయడం, గోదాము కాపలా లాంటి పనులు ఉంటాయి. ఆ మాట మీ నోటి నుంచి కాకుండా, ఆయనతో ఏళ్లుగా బస్తాలు మోసిన హమాలీ స్నేహితుడి నోటి నుంచి వస్తే బాగుంటుంది. ఒకరిద్దరిని ఇంటికి రమ్మనండి. పరామర్శకు వద్దు, ఊరికే కబుర్లకు.

ఇక చెక్కు. బీరువా తీసి దాని మీది తేదీ చూడండి. బ్యాంకు చెక్కు దాని మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. మీ చేతికి వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. ఈ చెక్కులు పంచేలోపే కొన్నిసార్లు వారాలు గడిచిపోతాయి, కాబట్టి మీకు అనుకున్నంత గడువు ఉండకపోవచ్చు. దాటితే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి, మళ్లీ ఆ నాయకుడినే అడగాలి. ఈ లెక్క ఆయన ముందు పెట్టండి: లక్షకు నెలకు 3 వేల మిత్తి పోతోంది. ఈ 60 వేలు అసలుకు కడితే నెలకు 1,800 మిత్తి తగ్గుతుంది. ఆయన వస్తే ఆయన చేతనే స్లిప్పు నింపించి వేయించండి. రాకపోతే చెప్పే వెళ్లండి, దొంగచాటుగా వద్దు: ‘గడువు అయిపోతోంది, ఈరోజు వేసి వస్తున్నాను’ అనండి. ఆయన ఖాతా నంబరు రాసి మీరు వేసినా జమ అవుతుంది. డబ్బు పడ్డాక మిత్తికి కాకుండా అసలుకే జమ చేసుకుంటున్నట్టు అప్పిచ్చినవాళ్లతో ముందే మాట్లాడుకోండి. ప్రామిసరీ నోటు వెనక ఆ మాట రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకోండి. కమ్మలు కొన్నాళ్లు బ్యాంకులో ఉన్నా పర్వాలేదు, వాటి మిత్తి ఇంత ఉండదు.