నిమ్మచెక్క పిండుకునే చోట సావిన్యాన్ బ్లాంక్

ప్రశ్న: ఆక్లాండ్‌లో ఉంటాం. ఇక్కడివాళ్లు మెచ్చుకునే మార్ల్‌బరో ప్రాంతపు సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ తెచ్చి చేపల పులుసుతో తాగాం. చప్పగా నీళ్లలా ఉంది. సీసా పాడైందా? మన వంటల్లో దీనికి ఏవి నప్పుతాయి?

జవాబు: సీసా బాగానే ఉంది, జతే కుదరలేదు. ఈ వైన్‌లో తీపి దాదాపు ఉండదు, దాని బలమంతా పులుపే. చింతపండు పులుసు నాలుక మీద ఉండగా తాగితే ఆ పులుపు తెలియదు, ఇక మిగిలేది చప్పదనం. పళ్లెంలో కన్నా గ్లాసులో పులుపు ఒక పిసరు ఎక్కువ ఉండాలి. అందుకే పులుసులు, గోంగూర, మామిడికాయ పప్పు దీనితో వద్దు. పులుసు తప్పదనుకుంటే ముందు వేపుళ్లతో వైన్ ముగించి, ఆ తర్వాత అన్నం వడ్డించండి.

ఏ వంట మీద నిమ్మచెక్క పిండుకుంటామో దానికి ఈ వైన్ నప్పుతుంది. బొంబాయి రవ్వ అద్ది వేయించిన చేప, మిరియాల రొయ్యలు, పుదీనా కొత్తిమీర పట్టించి కాల్చిన పనీర్, కొబ్బరి చట్నీతో వేడి గారెలు ప్రయత్నించండి. నూనె జిడ్డును పులుపు కడిగేస్తుంది. వంటలో ఉప్పు సరిగ్గా పడితే వైన్ పులుపు కూడా మెత్తబడుతుంది. ఇక పుదీనా, కొత్తిమీర ఎందుకంటే, ఈ వైన్ చేసే సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షలో పైరజీన్లు అనే పదార్థాలున్నాయి. పచ్చి క్యాప్సికం కోసినప్పుడు వచ్చే వాసన వాటిదే. మార్ల్‌బరో సీసాల్లో దానికి పాషన్ ఫ్రూట్, పంపరపనస వాసనలు తోడవుతాయి. వంటలోని, వైన్‌లోని ఆకుపచ్చ వాసనలు రెండూ కలిస్తే చాలా బాగుంటుంది.

కారం దగ్గర మాత్రం చెయ్యి తగ్గించండి. ఇందులో ఆల్కహాల్ సుమారు 13 శాతం ఉంటుంది, అది మిరప మంటను ఎగదోస్తుంది. గుంటూరు కారం దట్టించిన వేపుడైతే కాస్త తీపి ఉన్న రీస్లింగ్ అనే మరో వైట్ వైన్ మేలు.

ఫ్రాన్స్‌లో లువార్ నది దగ్గరి సాన్సేర్‌లో ఇదే ద్రాక్షతో చేసిన వైన్‌ను పక్క ఊరు షావిన్యోల్ మేకపాల చీజ్‌తో తాగుతారు. ఆ చీజ్‌లో పులుపూ ఉప్పూ రెండూ ఉన్నా, వైన్‌ను మించవు. ఆక్లాండ్‌లో మేకపాల చీజ్ దొరుకుతుంది కనుక ఒకసారి రుచి చూడండి, జత కుదరడమంటే ఏమిటో నాలుకకే తెలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ ఎండలో నాసిక్ వైట్ వైన్‌ను ఎంతసేపు చల్లబరచాలి?

జవాబు: 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. ఫ్రిజ్‌లో రెండున్నర గంటలు పడుతుంది. తొందరైతే బకెట్‌లో ఐసు, నీళ్లు సగం సగం పోసి, గుప్పెడు ఉప్పు వేసి, సీసాను మెడ దాకా 20 నిమిషాలు ముంచండి. నీళ్లు పోయకుండా ఉట్టి ఐసు ముక్కలు వేస్తే అవి సీసాకు అక్కడక్కడే తగులుతాయి, ఆలస్యమవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే వైన్ గడ్డకట్టి, ఉబ్బి, మూతను తోసేస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న సీసాను మాత్రం పది నిమిషాల ముందే బయట పెట్టాలి, మరీ చల్లగా ఉంటే వాసన రాదు. గ్లాసులో ఐసు వేయకండి, పలచబడుతుంది. ఎండాకాలం ఒక్కో గ్లాసుకు 100 మిల్లీలీటర్లే పోసుకుంటే వేడెక్కే లోపే అయిపోతుంది. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించండి. గాలి తగిలితే ముందు పోయేది ఆ పండ్ల వాసనే.

ప్రశ్న: మర మూత ఉన్నది చవక వైనేనా? అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే పారబోయాలా?

జవాబు: రెండింటికీ కాదనే జవాబు. కార్కు వల్ల కొన్ని సీసాలకు తడి అట్ట వాసన పడుతోందని న్యూజీలాండ్ తయారీదారులు 2001లో జట్టుకట్టి మర మూతకు మారారు. ఆ పలుకులు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం చల్లదనానికి పేరుకున్నవి, హాని లేదు. సీసాను కదపకుండా వంచి పోయండి, అవి అడుగునే ఉండిపోతాయి.