భోజనాల దగ్గర "ఏం లేదులే"

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుకుంటాం. రెండేళ్ళ కింద కటక్ అమ్మాయిని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాను. నాకు తాగుడు లేదు, చెయ్యెత్తింది లేదు, జీతం ఆమె చేతికే ఇస్తాను. భోజనాల దగ్గర అమ్మా వదినా నవ్వుకుంటుంటే తను ఒడియాలో "కొణొ కొహిలే?" (ఏమన్నారు?) అంటుంది. "ఏం లేదులే" అంటాను. అక్కణ్ణుంచి గొడవ. మాట పెరగకూడదని బండి తీసుకుని బయటికి పోతాను. వచ్చేసరికి ఏడుస్తూ ఉంటుంది. మంచి భర్తగా ఉండాలంటే ఇంకేం చెయ్యాలి?

జవాబు: తాగకపోవడం, కొట్టకపోవడం మంచితనం కింద జమ వేసుకోకండి. అవి ఎలాగూ ఉండాల్సినవే. కానీ ఇంకేం చెయ్యాలని అడిగారు చూడండి, అందుకు మీ మీద గౌరవం కలిగింది.

ఆమె అడిగింది నిజానికి ఆ మాటకు అర్థం కాదు. "నన్నూ మీలో కలుపుకో" అంటోంది. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కొత్త దంపతులను గమనించి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. కలిసి ఉన్నవాళ్ళు ఇలాంటి చిన్న పిలుపులకు 100కి 86 సార్లు పలికినవాళ్ళు. విడిపోయినవాళ్ళు 33 సార్లే పలికారు. మీ అమ్మగారిని తప్పు పట్టడం లేదు. సొంతింట్లో సొంత భాషలోనే నవ్వుకుంటాం. ఆ నవ్వును ఆమెదాకా తెచ్చే పని మీది.

బయటికి వెళ్ళడం తప్పు కాదు, చెప్పకుండా వెళ్ళడమే తప్పు. కోపంలో గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంటే ఎదుటి మాట చెవికెక్కదు. నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. "అరగంటలో వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం" అనండి. అన్న టైముకి రండి. వచ్చాక ఆ మాట మీరే ఎత్తండి, ఆమె ఎత్తేదాకా ఊరుకోకండి.

ఇంకొకటి. జూన్ మధ్యలో ఒడియావాళ్ళ ఆడపిల్లల పండుగ రజొ వస్తుంది. ఆ మూడు రోజులూ ఆమె పుట్టింట్లో ఆడపిల్లలకు పని చెప్పరు, ఉయ్యాల కడతారు, పొడొపిఠా అనే పిండివంట చేస్తారు. మీ ఉగాదికి పచ్చడి కలిపిన చెయ్యి రజొనాడు మీ వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ రోజుల్లో వంట మీరు చూసుకోండి. ఈ సంగతి అమ్మగారికి మీ నోటితో ముందే చెప్పండి. మీ భార్య నోరు తెరిచి అడగాల్సిన పని రానివ్వకండి.

ఇవాళ రాత్రి కంచాల దగ్గర మళ్ళీ ఎవరో నవ్వుతారు. ఆమె అడగకముందే ఒడియాలో చెప్పేయండి. చెప్పడంలో ఆ మాట రుచి సగం పోయినా పోనీ.