అత్తగారి పాత ఫ్రిజ్ గురించి అమ్మాయికి ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి.సౌ. అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

కానూరు ఫ్లాట్‌కి కొత్త ఫ్రిజ్ కొంటున్నామన్నావు, సంతోషం. గుంటూరులో మీ అత్తగారింట్లో ఉన్న పాతదాన్ని కూడా తెచ్చి యుటిలిటీ బాల్కనీలో వేసుకుంటామన్నావు. "1997లో కొన్నదైనా ఇప్పటికీ కూలింగ్ బ్రహ్మాండంగా ఉంది బాబాయ్" అన్నావు. తేవద్దమ్మా. ఎందుకు వద్దో ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే చాలదనిపించి రాస్తున్నాను.

కూలింగ్ ఇవ్వడం ఒకటి, ఎంత కరెంటు తాగి ఇస్తోందన్నది ఇంకొకటి. గవర్నర్‌పేటలో రిపేరు షాపు నడిపినన్నాళ్ళూ చూశాను, పాత ఫ్రిజ్ ఒక్క రోజులో పాడైపోదు. ముందు తలుపు రబ్బరు గట్టిపడి బిగువు వదులుతుంది. గోడల్లో ఉన్న ఫోమ్ ఏళ్ళ తరబడి తేమ పట్టి చల్లదనాన్ని ఆపలేకపోతుంది. అరగంట ఆగాల్సిన కంప్రెసర్ పది నిమిషాలకే మళ్ళీ అందుకుంటుంది. లోపల మంచినీళ్ళ సీసా చల్లగానే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. రోహిణీ కార్తెలో, పడమటెండ కొట్టే మీ బాల్కనీలో పెట్టావంటే అది ఆగడమనేదే ఉండదు. పక్కన స్టెబిలైజర్ తినేది అదనం.

నా మాట మీద నమ్మక్కర్లేదు, మీటరుని అడుగు. మీ అత్తగారు మీ దగ్గరికి రెండు మూడు రోజులు వచ్చేటప్పుడు ఆ ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ కట్టేయమను. బయల్దేరేముందు మీటరు రీడింగు, టైము ఫోన్లో ఫొటో తీసుకోమను, తిరిగెళ్ళాక మళ్ళీ ఒకటి. తేడాని రోజులకి పంచితే రోజుకెంతో తేలిపోతుంది. తలుపు తీసేవాళ్ళు లేరు కాబట్టి అసలు వాడకం అంతకంటే ఎక్కువే ఉంటుందని గుర్తుపెట్టుకో.

రోజుకి రెండు యూనిట్లు వచ్చిందనుకో. ఏడాదికి 730. ఇప్పుడొచ్చే చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల స్టార్ లేబుల్ మీద ఏడాదికి రెండు వందల యూనిట్ల లోపే కనిపిస్తుంది. పైగా నువ్వు పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టడం లేదు, రెండూ నడుపుతానంటున్నావు. అంటే ఆ 730 మొత్తం నీ బిల్లు మీద అదనపు బరువే. మన దగ్గర 2022లో పెట్టిన శ్లాబుల్లో మొదటి యూనిట్లకి రేటు తక్కువ, నెలకి 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కి ఆరు రూపాయలు, అది దాటితే 8.75. ఏసీ వేసే నెలల్లో మీరు 225 ఎలాగూ దాటతారు. అప్పుడు ఈ పాత ఫ్రిజ్ వాడే ప్రతి యూనిటూ ఆ పై రేటులోనే పడుతుంది.

ఇంతా చేసి అందులో పెట్టేదేమిటి? ఆవకాయకి జాడీ చాలు. మిగిలేవి కూల్ డ్రింక్ సీసాలు, పెళ్ళిళ్ళలో ఇచ్చిన స్వీటు డబ్బాలు.

"పోనీ మా పనావిడకి ఇచ్చేస్తాలే" అంటావని తెలుసు. నీ మనసు మంచిది, కానీ ఈ లెక్క చూడు. నెలకి 60 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ ఛార్జీలు 147 రూపాయలవుతాయి. నీ ఫ్రిజ్ వెళ్ళి ఇంకో 60 కలిపిందంటే 394 దాటుతుంది. మిగతా ఛార్జీలు దానిమీద. ఆ బిల్లు నెలనెలా కట్టేది ఆవిడ. నిజంగా సాయం చేయాలనుంటే చిన్న కొత్త ఫ్రిజ్‌కి మొదటి రెండు మూడు వాయిదాలు నువ్వు కట్టు. ఇంతకంటే మంచి పని ఉండదు.

ఇక నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న సంగతి. ఆ ఫ్రిజ్ వెనక కింద కంప్రెసర్ దగ్గరో, లోపల కూరగాయల డబ్బా పక్కనో ఒక ప్లేటు ఉంటుంది. దాని మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రాసి ఉంటాయి. 1997 నాటిది కాబట్టి ఆర్-12 అని ఉండే అవకాశమే ఎక్కువ. ఓజోన్ పొరని తినేది ఆ జాతి వాయువులేనని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు, 1995లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. మన దేశంలో 2003 జనవరి నుంచి కొత్త ఫ్రిజ్‌లలో దాన్ని వాడకూడదన్నారు. 2008 ఆగస్టు నుంచి తయారీ కూడా ఆపేశారు. అయినా అంతకుముందు కొన్న ఫ్రిజ్‌లలో అది ఇంకా ఉంది. భూమిని వేడెక్కించడంలో ఆర్-12 బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు పదివేల రెట్లు చెడ్డది. అంటే వంద గ్రాములు బయటికి వదిలితే ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు వదిలినట్టే. దాదాపు వందేళ్ళు గాలిలో ఉంటుంది.

వీధిలోకొచ్చే పాత సామాన్ల బండికి ఇస్తే ఏం చేస్తారో చెబుతాను. వాళ్ళకి కావలసింది కంప్రెసర్, అందులోని రాగి. పైపు మీద సుత్తితో ఒక్కటేస్తారు. బుస్సుమని కొన్ని క్షణాలు శబ్దం, ఆ వెనకే నాలుగు చుక్కల నూనె. అంతే, పోయింది. మిగతా నూనె కాలవలోకి, ఫోమ్ చెత్తకుప్పలోకి. ఆ కాలపు ఫోమ్‌ని కూడా ఇలాంటి వాయువుతోనే పొంగించారు, పైపుల్లో ఉన్నదానికంటే అందులో ఉండేదే ఎక్కువ. తగలబెడితే వచ్చే పొగ పీల్చేది ఆ కుర్రాళ్ళే. వాళ్ళని తప్పుపట్టను, పొట్టకూటి పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక, నీళ్ళు తీసిన వీధుల్లోకి తెచ్చిపడేసిన ఫ్రిజ్‌లు నువ్వూ చూశావు. వాటిలో ఎన్నిటి పైపులు అలా తెగాయో తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మరేం చేయాలంటావా. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (పాత కరెంటు సామాన్ల చెత్త) నిబంధనల ప్రకారం పాత ఫ్రిజ్‌ల రీసైక్లింగ్ బాధ్యత తయారుచేసిన కంపెనీలది. ఫ్రిజ్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "ఈ-వేస్ట్ కింద తీసుకెళ్ళండి" అని అదే మాటతో అడుగు. సర్వీసు అంటే మెకానిక్‌ని పంపుతారు. కంపెనీ పలక్కపోతే, రిజిస్టరైన రీసైక్లర్లెవరో కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు పోర్టల్లో ఉంటుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే ఉంది, వెళ్ళి అడగొచ్చు. బీసెంట్ రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో షాపువాళ్ళు ఎక్స్ఛేంజ్ ఇస్తామంటారు. తీసుకో, కానీ పాతది ఎక్కడికి పోతుందో అడుగు. రంగేసి మళ్ళీ అమ్మేస్తే మనం చేసిందంతా వృథా. రీసైక్లర్‌కి వెళ్తుందని రాసిన రసీదు ఇచ్చేవాళ్ళ దగ్గరే కొను. నాలుగు డబ్బులు తగ్గినా ఫర్వాలేదు.

బండి వచ్చే ముందురోజు ప్లగ్ తీసి, ఐసంతా కరగనిచ్చి, పొడిగా తుడిపించు. నిలువుగానే తీసుకెళ్ళమను, వెనక కాయిల్ మీద తాడు బిగించనివ్వకు. అప్పటిదాకా బయట పెట్టాల్సొస్తే తలుపు ఊడదీయించు, లేదా గోడవైపు తిప్పి తాడుతో కట్టించు. దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరితే తలుపు మూసుకుంటుంది, గాలి ఆడదు, అరిచినా వినపడదు. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

కొత్తది కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి మురిసిపోకు. లేబుల్ మీద ఏడాదికెన్ని యూనిట్లని ఉన్న అంకె చూడు. పెద్ద ఫైవ్ స్టార్ కంటే చిన్న త్రీ స్టార్ తక్కువ తినొచ్చు. లేబుల్ ఏ ఏడాదిదో కూడా చూడు, ప్రమాణాలు బిగించినప్పుడల్లా పాత స్టాకు నక్షత్రాలకి విలువ తగ్గుతుంది. గ్యాస్ ఆర్-600ఎ అయితే మంచిది, ఓజోన్‌కి హాని లేదు. కాకపోతే అది మండే వాయువు. రిపేరుకి తెలిసినవాళ్ళనే పిలవాలి.

నీ తమ్ముడి ఇంట్లో ఉన్న ఆరేళ్ళ ఫ్రిజ్ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. దానికి డోర్ రబ్బరు మార్చి, వెనక దుమ్ము దులిపితే ఇంకా చాలా ఏళ్ళొస్తుంది. తలుపుకీ రబ్బరుకీ మధ్య కాగితం పెట్టి లాగమను. ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు మార్చాల్సిందే.

ప్లేటు ఫొటో తీసి నాకు పంపు. మీ అత్తగారికి మనసొప్పకపోతే చెప్పు, ఆదివారం గుంటూరు వెళ్ళి ఆవిడతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ బాబాయి