మూతపడ్డ గనుల ఊళ్లో డాక్యుమెంటరీ: జనం మనతో మాట్లాడాలంటే

ఫ్యాక్టరీ మూతపడ్డ ఊళ్లో డాక్యుమెంటరీ తీస్తున్నాం, కెమెరా చూడగానే జనం మొహం తిప్పుకుంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు కదా. మాకు కర్ణాటకలోని బంగారు గనుల ఊరు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో (కేజీఎఫ్) అచ్చం ఇలాగే అయ్యింది అండీ.

మేం ముగ్గురం వెళ్లాం. మొదటి రోజంతా గనిలోకి దిగే తుప్పు పట్టిన షాఫ్టులు, పాడుబడ్డ బంగళాలు, సైనైడ్ దిబ్బలు (బంగారం తీశాక మిగిలిన మట్టి గుట్టలు), ఇవే తీశాం. సాయంత్రం కార్మికుల లైన్లలో, అంటే వాళ్ల వరస ఇళ్ల దగ్గర, ఒక పెద్దమ్మ బిందె కింద పెట్టి మరీ నిలదీసింది, "అందరూ వస్తారు, దిబ్బల ఫొటోలు తీసుకుని పోతారు, మేం కనబడమా మీకు" అని. 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరది, ఆవిడేమో నీళ్ల కోసం క్యూలో నిలబడి ఉంది, మేం ఆవిడని దాటుకుని దిబ్బ దగ్గరికి పోతున్నాం. తల కొట్టేసినట్టయింది.

మర్నాటి నుంచి కెమెరా రూంలోనే పెట్టేసి, తెల్లారకముందే అక్కడి మారికుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కాం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక అక్కడ చాలామందికి బతుకు ఆ రైలే, గనుల్లో దిగినవాళ్ల పిల్లలు పొద్దున పోయి రాత్రికొస్తారు, సీటు దొరగ్గానే నిద్రపోతారు. నాలుగు రోజులు వాళ్లతో పోయొచ్చాక ఒకబ్బాయి తనే ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడించాడు.

ఆయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు, మూడు కిలోమీటర్లు దాటిన లోతు. ఇంట్లో అరవం, మాతో తెలుగు. లోపల రాయి ఎలా పేలేదో చెప్తూ నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేవారు, గనిలో పీల్చిన రాతి దుమ్ము అది. ఎడిటింగ్‌లో మావాడు ఆ గ్యాపులన్నీ కట్ చేసేశాడు, చూస్తే ఏ జబ్బూ లేని మనిషి కథ చెప్తున్నట్టుంది. నాకు కడుపు తరుక్కుపోయింది, అన్నీ తిరిగి పెట్టించా. మీరు మాత్రం ఆ ఊపిరి కట్ చేయకండి ప్లీజ్.

ఇంకోటి, మూసేసినప్పుడు ఎలా అనిపించింది అని అడక్కండి, అందరూ ఒకే ముక్క చెప్తారు. డ్యూటీకి క్యారియర్‌లో ఏం పెట్టేవాళ్లు అని అడగండి, గంట మాట్లాడతారు. గాలికి కాలర్ మైక్ పనికిరాదు, మైక్‌కి గాలి ఆపే బొచ్చు కవర్ తీసుకెళ్లండి.

రఫ్ కట్ (మొదటి ఎడిటింగ్) అవ్వగానే అక్కడే తెరలా దుప్పటి కట్టి వాళ్లకి చూపించాం. ఒకావిడ వాళ్లింటి వెనక షాట్ తీసేయమంటే తీసేశాం. అది తీసేశామని తెలిశాకే పక్క లైన్‌వాళ్లు మా ఇంటికెప్పుడొస్తారు అని అడిగారు.