తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగిన ప్రతిసారీ చేపలు ఎందుకు చస్తున్నాయి?

మీ సిమెంటు తొట్టి 3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల లోతు అన్నారు. మూడూ గుణించి వెయ్యితో హెచ్చిస్తే 3,150 లీటర్లు. అందులో 12 గోల్డ్‌ఫిష్, 4 కోయి (రంగుల కార్ప్ చేపలు). నీళ్లు పచ్చబడుతున్నాయని నెలకోసారి మొత్తం తోడేసి, ఫిల్టర్ స్పాంజితో సహా కుళాయి కింద రుద్ది, కొత్త నీళ్లు పెడుతున్నారు. నాలుగైదు రోజుల్లో ఒకటో రెండో చస్తున్నాయి. మధ్యలో నీళ్లు పచ్చగా ఉన్నప్పుడు చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. చావులకు కారణం మాత్రం ఆ కడగడమే.

చేప మొప్పల నుంచి అమ్మోనియా రోజంతా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. స్పాంజి మీద, గోడల మీద, గులకరాళ్ల మీద జిగురుగా పట్టే పొరలో ఉండే బ్యాక్టీరియాలో ఒక రకం దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, మొక్కలు లాగేసుకుంటాయి. ఆ పొర కొత్తగా పట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. మీరు సరిగ్గా అది కుదురుకునే వేళకి రుద్ది పారేస్తున్నారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే మిగిలిన కాస్తా పోతుంది.

కాబట్టి మొత్తం తోడటం ఈరోజుతో ఆపండి. వారానికోసారి 15 శాతం, అంటే 450–500 లీటర్లు మాత్రమే మార్చండి. తీసేది పైనుంచి కాదు, అడుగున మడ్డి ఉన్నచోట పైపు పెట్టి లాగండి. మడ్డిని కర్రతో కదపొద్దు. గాలి తగలక కుళ్లిన నల్ల మడ్డి ఒక్కసారి లేస్తే కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది, ఆ వాయువు చేపల్ని నిమిషాల్లో పడగొడుతుంది. ఫిల్టర్ స్పాంజి నీళ్లు దాటనివ్వనంతగా మూసుకుపోతేనే తీసి, తొట్టిలోంచి తీసిన నీళ్లనే బకెట్లో పోసుకుని రెండుసార్లు పిండి పెట్టేయండి. బ్రౌను రంగు మిగిలి ఉండాలి. తెల్లగా మెరిసిపోయేలా ఉతికితే మళ్లీ మొదటికొచ్చినట్టే. రెండు స్పాంజిలుంటే ఒకే రోజు రెండూ ముట్టుకోవద్దు.

కొత్త నీళ్లు ముందు డ్రమ్ములో పట్టి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఒకట్రెండు రోజులు ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరుంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు వాడండి: క్లోరిన్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే 1,000 లీటర్లకు 7 గ్రాములు సరిపోతాయి. సరఫరాలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) వాడుతుంటే నీళ్లు ఊరికే నిలవబెట్టినా పోదు. హైపో దాన్ని విడగొడుతుంది గానీ అమ్మోనియా మిగులుతుంది, దాన్ని మళ్లీ ఫిల్టరే చూసుకోవాలి.

టెస్ట్ కిట్ ఒకటి తప్పకుండా కొనండి, చుక్కల మందు రకం. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, కార్బొనేట్ హార్డ్‌నెస్ (నీళ్లలోని కార్బొనేట్ల మోతాదు, అంటే క్షారత్వం), ఈ నాలుగూ చాలు. మొదటి రెండూ సున్నా రావాలి. పీహెచ్ మధ్యాహ్నం కూడా చూడాలి, ఎందుకంటే పచ్చ నీళ్లలో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్‌ని 9 దాకా ఎక్కిస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపకు బాగా విషమయ్యే రూపం అర శాతం చిల్లర, పీహెచ్ పెరిగేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. 8 దగ్గర 5 శాతం పైన, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. అందుకే కిట్‌లో రంగు ఉదయం, సాయంత్రం ఒకేలా ఉన్నా చేపలు మధ్యాహ్నమే మెలికలు తిరుగుతాయి.

బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ నీళ్లలో క్షారత్వం ఖర్చవుతుంది. కార్బొనేట్ హార్డ్‌నెస్ లీటరుకు 100 మిల్లీగ్రాముల కిందికి వస్తే వంటసోడా కలపండి: 1,000 లీటర్లకు 100 గ్రాములు వేస్తే దాదాపు 60 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మీ తొట్టికి 300 గ్రాములు, రెండు మూడు రోజుల్లో విడతలుగా. అమ్మోనియా ఉన్న రోజు పీహెచ్ ఎక్కువైతే ప్రమాదం కాబట్టి ముందు నీళ్లు మార్చి తర్వాత వేయండి. కొత్త సిమెంటు మాత్రం సున్నం వదులుతూ తానే పీహెచ్ పెంచుతుంది. పూత లేని కొత్త తొట్టి కట్టేవాళ్లు నాలుగైదుసార్లు నింపి, రెండేసి రోజులు ఉంచి పారబోశాకే చేపలు వదలాలి.

నైట్రైట్ కనిపించి మొప్పలు ఎరుపు పోయి గోధుమ రంగు తిరిగితే రాళ్ల ఉప్పు పనికొస్తుంది. 1,000 లీటర్లకు కిలో చొప్పున మీకు 3 కిలోలు. బకెట్లో కరిగించి సగం ఈరోజు, సగం రేపు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు మార్చినప్పుడు బయటికి పోయినంతే మళ్లీ వేయాలి. ఏ జబ్బొచ్చినా గుప్పెడు ఉప్పు చల్లేయడం వల్ల నీటిమొక్కలు మాడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇక తెల్లవారుజామున నోళ్లు తెరవడం. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది, తెల్లవారేసరికి నీళ్లలో అది అడుగంటుతుంది. వేడెక్కిన కొద్దీ నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ కూడా తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర. పంపును కరెంటు మిగులుతుందని రాత్రి ఆపేస్తుంటే అది సరిగ్గా తిరగబడ్డ పద్ధతి. ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి, మోటారు నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పాకి దాన్ని పాడుచేస్తాయి. పొద్దెక్కాక కూడా నోళ్లు తెరుస్తూనే ఉంటే అది ఆక్సిజన్ ఒక్కటే కాదు, అమ్మోనియా, నైట్రైట్ చూడండి. అవీ సున్నా అయితే మొప్పల్లో పరాన్నజీవులని అనుమానించాలి.

పచ్చదనం తగ్గాలంటే నీళ్ల పైభాగంలో సగానికి నీడ కావాలి: కలువ ఆకులో, అంతర తామరో, షేడ్ నెట్టో. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేయండి, మిగిలింది వలతో తీసేయండి. యూవీ దీపం పెడితే పచ్చ నీళ్లు తేటపడతాయి, గోడల నాచు పోదు. బల్బు వెలుగుతున్నా ఏడాది గడిచేసరికి పస తగ్గుతుంది, మార్చాలి. కాపర్ సల్ఫేట్ జోలికి పోవద్దు. కార్బొనేట్లు తక్కువున్న నీళ్లలో అది చేపలకే విషం, పైగా చచ్చిన నాచు కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా తినేస్తుంది.

ఫిల్టర్‌కి నీళ్లు తోడే పంపు గంటకు 2,000 లీటర్లయినా తిప్పాలి. డబ్బా మీద రాసిన లెక్క ఎత్తు లేనప్పటిది, మీ ఫిల్టర్ ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూసి కొనండి. మూత బిగించిన ఫిల్టర్ కొన్ని గంటలు ఆగిపోతే లోపలి నీళ్లు కుళ్లుతాయి, వాటిని బయటికి వదిలాకే మళ్లీ ఆన్ చేయాలి.

కోయి సంగతి కూడా చెప్పాలి. అవి 60 సెంటీమీటర్లు పెరిగే చేపలు, ఒక్కోదానికి వెయ్యి లీటర్లు, మీటరు పైన లోతు కావాలి. మీ తొట్టి గోల్డ్‌ఫిష్‌లకు సరిపోతుంది, ఆ నాలుగింటికి సరిపోదు. పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇచ్చేయండి, చెరువుల్లో, కాలవల్లో మాత్రం వదలొద్దు.