నాసిక్ వైన్ తోటల్లో ద్రాక్ష గుత్తులు చూడాలంటే ఏ నెలలో వెళ్లాలి?

జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు వెళ్లాలి. ధర్మాబాద్, నాందేడ్‌లలో నాసిక్ మీదుగా వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కే మనవాళ్లు చాలామంది వర్షాకాలంలో వెళ్తారు. తోట పచ్చగానే ఉంటుంది, గుత్తి మాత్రం ఒక్కటీ కనబడదు.

కారణం కత్తిరింపులు. చలిదేశాల్లో చలికాలం రాగానే తీగ తనంతట తానే నిద్రపోతుంది. ఇక్కడ అంత చలి లేదు కాబట్టి రైతే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌ కత్తిరింపు కొత్త కొమ్మల కోసం. ఆ వేసవి ఎండకే కొమ్మల కళ్లలో (మొగ్గల్లో) పూత తయారవుతుంది. వానలు తగ్గాక చేసే రెండో కత్తిరింపు కాయ కోసం. ఉదాహరణకు, అక్టోబరు మొదట్లో కత్తిరించిన తీగ ఫిబ్రవరి చివరికల్లా కోతకు వస్తుంది.

పూత, కాయ వానలో చిక్కితే బూజు తెగులు పట్టి మందులు ఎక్కువ కొట్టాలి. మందులు తగ్గించి నేలను కాపాడుకోవాలనుకునే కుటుంబ ఎస్టేట్లకు ఈ పొడి కాలమే అసలు బలం. పర్యాటకుల వల్ల వచ్చే రాబడికి కూడా ఈ కోత రోజులు ముఖ్యం.

రెండు కత్తిరింపులంటే రెండు పంటలని చాలామంది అనుకుంటారు. నాసిక్‌లో పంట ఒక్కటే. తమిళనాడు కంబం లోయలో ఏడాదిలో ఒకటికి మించి పంటలు తీస్తారు, అక్కడి వాతావరణం వేరు.